ఎమ్మెల్యే లెటర్‌ప్యాడ్ కాదు: బిజినెస్ స్కూలుకు రికమెండేషన్ ఎవరిని అడగాలి?

అర్ధవీడు మండలంలో ఎవరి దగ్గరైనా రికమెండేషన్ లెటర్ అనండి, వాళ్లకు ముందు ఎమ్మెల్యే లెటర్‌ప్యాడే గుర్తొస్తుంది. తిరుమల దర్శనానికి, హాస్టల్ సీటుకు, టీచర్ బదిలీకి, పెద్దాసుపత్రిలో మంచానికి మనవాళ్లు తిరిగేది ఆ కాగితం కోసమే. సంతకం పెట్టే ఆయనకు మనం ఎవరో తెలియనక్కర్లేదు. మన ఊరి నాయకుడు పక్కన నిలబడి "మనోడే సార్" అంటే చాలు. ఆ కాగితం బలమంతా రాసినాయన పదవిలోనే ఉంటుంది, మన గురించి అందులో ఏముందో ఎవరూ చదవరు.

పేరున్న బిజినెస్ స్కూలు అడిగే రికమెండేషన్ సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ రాసినాయన పదవికి విలువ తక్కువ. మీరు పనిచేస్తుంటే ఆయన దగ్గరగా చూశారా, చూసినదాన్ని వివరంగా చెప్పగలరా అన్నదే లెక్క. గిద్దలూరు, కంభం, మార్కాపురం, బేస్తవారిపేట వైపు నుంచి డిగ్రీయో బీటెకో చదివి హైదరాబాదు, బెంగళూరుల్లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి ఎంబీఏ వైపు చూస్తున్న మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంట్లో గానీ వాడలో గానీ అంతకుముందు ఈ దారిన వెళ్లినవాళ్లు లేకపోవడమే అందుకు కారణం. అందుకే ఈ వ్యాసం విద్యార్థుల కోసం ఎంతో, వాళ్ల కోసం లేఖలు రాయాల్సివచ్చే కార్యకర్తల కోసం కూడా అంతే.

అసలు లేఖ కావాలా?

ముందు ఈ సంగతి తేల్చుకుంటే సగం ఆందోళన పోతుంది. ఐఐఎంలలో రెండేళ్ల ఎంబీఏకి వెళ్లే మామూలు దారి క్యాట్ పరీక్ష. అందులో పర్సంటైల్, టెన్త్ నుంచి డిగ్రీ వరకు మార్కులు, పని అనుభవం, ఇంటర్వ్యూ లెక్కకొస్తాయి. ఈ దారిలో సాధారణంగా సిఫారసు లేఖలకు చోటు ఉండదు. 2006లో చేసిన కేంద్ర చట్టం ప్రకారం ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లు ఉన్నాయి. డిగ్రీలో మిగతావాళ్లకు 50 శాతం మార్కులు కావాలంటే ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం చాలు. పరీక్ష ఫీజు సగమే. ఆగస్టులో దరఖాస్తులు మొదలవుతాయి, నవంబరు చివర్లో పరీక్ష జరుగుతుంది. విశాఖపట్నం ఐఐఎం 2015లో మొదలైంది. గంభీరంలో కట్టిన సొంత క్యాంపస్‌కు 2024 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏకి కూడా క్యాట్ స్కోరే చూస్తారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వచ్చిన ఎస్సీ వర్గీకరణ రాష్ట్ర సంస్థలకూ రాష్ట్ర ఉద్యోగాలకూ వర్తిస్తుంది. ఐఐఎంల వంటి కేంద్ర సంస్థల్లో 15 శాతం ఇప్పటికీ ఉమ్మడిగానే ఉంది. రెండింటినీ కలిపేసుకుని, మా గ్రూపుకు అక్కడ ఎన్ని సీట్లు వస్తాయని అడిగేవాళ్లు మాకు తరచూ ఎదురవుతున్నారు.

లేఖలు కావాల్సినవి వేరే దార్లు. హైదరాబాదు గచ్చిబౌలిలో 2001లో మొదలైన ఐఎస్‌బీ ప్రైవేటు సంస్థ. చట్టబద్ధమైన రిజర్వేషన్ అక్కడ లేదు, దరఖాస్తులో సిఫారసు ఒక భాగం. అమెరికాలో హార్వర్డ్, స్టాన్‌ఫోర్డ్, వార్టన్, ఫ్రాన్స్‌లో ఇన్‌సియాడ్ రెండేసి లేఖలు అడుగుతాయి. ఐఐఎంలలోనే పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాళ్లకూ చాలాచోట్ల ఇవి కావాలి. ఆ పీహెచ్‌డీ సీట్ల సంగతి వేరే కథ. అహ్మదాబాద్ ఐఐఎం ఏళ్ల తరబడి అక్కడ రిజర్వేషన్ అమలు చేయలేదు. వ్యవహారం గుజరాత్ హైకోర్టుకు వెళ్లాక 2025 నుంచి అమలు చేస్తామని చెప్పింది.

రిజర్వేషన్ లేని చోటే లేఖ బరువు ఎక్కువ. ఎందుకంటే అక్కడ ఎంపికలో మనుషుల అభిప్రాయం పాలు ఎక్కువ. మన పిల్లల చేతిలో బలమైన లేఖ లేకపోతే నష్టం ఎక్కువ జరిగేదీ అక్కడే.

బాబాసాహెబ్ గురించి ఎవరు రాశారు?

సిఫారసు అనగానే మనలో కొందరికి చిన్నతనంగా ఉంటుంది. సొంత కష్టంతో వచ్చినవాళ్లం, ఒకరి మాట మనకెందుకు అనిపిస్తుంది. అంబేడ్కర్ చదువు కథను ఈ కోణంలో మళ్లీ చూడాలని మా సూచన.

1907లో భీమరావు మెట్రిక్ పాసయినప్పుడు జరిగిన అభినందన సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్రను ఆ కుర్రవాడికి కానుకగా ఇచ్చారు. ఆయన అప్పటికే ఆ పిల్లవాణ్ని ఎరుగుదురు. బొంబాయిలో ఒక తోటలో కూర్చుని రోజూ చదువుకుంటుంటే చూసి పలకరించారు. కాలేజీ చదువుకు డబ్బు చాలనప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దృష్టికి తీసుకెళ్లింది కేలుస్కరే. నెలకు 25 రూపాయల సాయం అందింది. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో, నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు, అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు.

కేలుస్కర్ బొంబాయిలో పెద్ద అధికారేమీ కాదు. ఆయన దగ్గరున్నదల్లా, తోటలో ఆ పిల్లవాడు చదవడం కళ్లారా చూసిన అనుభవం. లేఖలో కావాల్సింది అదే.

కొలంబియాలో ఆయనకు పాఠం చెప్పినవారు ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఎడ్విన్ సెలిగ్మన్. 1920 సెప్టెంబరులో ఆయన లండన్‌లోని ప్రొఫెసర్ హెర్బర్ట్ ఫాక్స్‌వెల్‌కు అంబేడ్కర్ పరిశోధనకు సాయపడమని కోరుతూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరప్రత్యుత్తరాలు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ దగ్గర భద్రంగా ఉన్నాయి. తర్వాత ఫాక్స్‌వెల్ స్కూలు కార్యదర్శికి రాస్తూ, ఈయన ఇప్పటికే డాక్టరేటు చేసివచ్చారు, ఇక్కడ కొత్తగా సాధించడానికి ఆయనకు ఇంకేమీ మిగల్లేదన్న అర్థంలో రాశారు. పొగడ్తే, కానీ ఆ పొగడ్త తలుపు మూసే దిక్కుగా పోయింది. అంబేడ్కర్ ఆగలేదు. అదే స్కూల్లో 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ సాధించారు. మంచి మాటలున్న లేఖ కూడా అడిగినదానికి జవాబు చెప్పకపోతే పక్కకు పోతుందని ఈ ఉదంతం చదివినప్పుడల్లా మాకు అనిపిస్తుంది.

ఇంకో సంగతి. వాణిజ్య విద్యకూ ఆయనకూ సంబంధం ఉంది. 1918 నుంచి 1920 వరకు బొంబాయి సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో అర్థశాస్త్రం బోధించారు. తోటి అధ్యాపకులు తమ కుండలో నీళ్లు తాగవద్దని అభ్యంతరం పెట్టింది అక్కడే. ఆ స్టాఫ్‌రూములోంచి ఆయన గురించి నిజాయితీగా ఒక లేఖ రాయగలిగినవాళ్లు ఎందరు ఉండేవారో ఊహించండి. మన పై అధికారి ఎవరైతే వాళ్లనే అడగాలన్న నియమం అందరికీ ఒకేలా పనిచేయదని చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఎవరిని అడగాలి

స్కూళ్లు రికమెండర్‌కు పంపే ప్రశ్నలు చాలావరకు ఒకే తీరు. ఈయనతో మీకున్న పని సంబంధం ఏమిటి? ఇదే స్థాయిలో ఉన్న మిగతా మంచి ఉద్యోగులతో పోలిస్తే ఎక్కడ నిలుస్తారు? మీరు ఈయనకు చెప్పిన ముఖ్యమైన విమర్శ ఏమిటి, దానికి ఎలా స్పందించారు? ఈ మూడు ప్రశ్నలను కాగితం మీద రాసుకుని, మీ మనసులో ఉన్న పేర్లను ఒక్కొక్కటిగా వాటి ముందు నిలబెట్టండి. ఎమ్మెల్యే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. జిల్లా అధికారి కూడా అంతే. మీకు ఇష్టమైన ప్రిన్సిపాల్ రెండో ప్రశ్న దగ్గర ఆగుతారు. మీ టీమ్ లీడ్, ఆయన వయసు మీకంటే రెండేళ్లు చిన్నదైనా, మూడింటికీ జవాబు చెప్పగలరు.

అందుకే మొదటి పేరు ప్రస్తుతం మీ పనిని నేరుగా చూస్తున్న మేనేజర్. స్టాన్‌ఫోర్డ్ వంటివి ఒక లేఖ ఇప్పటి పై అధికారి నుంచే రావాలని కోరుతాయి. కానీ మనవాళ్లలో చాలామందికి ఇక్కడే చిక్కు. ఉద్యోగం వదిలి చదువుకు వెళ్తానని ముందే తెలిస్తే ప్రమోషన్ ఆగుతుందని భయం. ఇంటికి పంపే డబ్బు ఆగిపోతే అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లాల్సివస్తుందన్న భయం ఇంకా పెద్దది. ఇది ఊరికే పుట్టిన భయం కాదు. పాత మేనేజరు, వేరే విభాగంలో మీతో ప్రాజెక్టు నడిపినవారు, మీ పని తీసుకున్న క్లయింటు, వీళ్లలో ఒకరిని పెట్టుకోవచ్చు. ప్రస్తుత మేనేజరును ఎందుకు అడగలేదో దరఖాస్తులో చెప్పడానికి చాలా స్కూళ్లు చోటిస్తాయి. రెండు వాక్యాల్లో ఉన్నదున్నట్టు రాస్తే సరిపోతుంది. వాళ్లకది కొత్త కాదు.

మేనేజరు మీ కులం తెలిశాక మాట మార్చిన మనిషి అయితే? అడగొద్దు. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. చల్లగా రాసిన లేఖ, అసలు లేఖ లేకపోవడం కంటే ఎక్కువ చెడు చేస్తుంది.

రెండో లేఖకు కాస్త స్వేచ్ఛ ఉంటుంది. ఇక్కడ మనవాళ్లు తమ చేతిలో ఉన్న బలాన్ని చూసుకోరు. సెలవుల్లో ఊరికి వచ్చి వాడలో పిల్లలకు సాయంత్రం బడి నడిపారా? అంబేడ్కర్ జయంతి కమిటీలో చందాల లెక్క మూడేళ్లు చూశారా? అమ్మ పొదుపు సంఘం పుస్తకాలు సరిచేసి బ్యాంకు లింకేజీ రుణం ఇప్పించారా? మార్కాపురం పలకల కర్మాగారంలో నాన్న పనిచేస్తుంటే కూలి రేటు గురించి యజమానితో మాట్లాడింది మీరేనా? డబ్బు, మనుషులు, గొడవలు, గడువులు అన్నీ ఉన్న పనులివి. బిజినెస్ స్కూలు నాయకత్వం అని పిలిచేది దీన్నే. ఆ పనిలో మీ పక్కన ఉండి చూసిన సంఘం కార్యదర్శో, స్వచ్ఛంద సంస్థ సమన్వయకర్తో రెండో రికమెండర్ కావచ్చు. మీ పాస్టరు కూడా కావచ్చు, యువజన కూటమి పని ఆయన మీకు అప్పగించి చూసివుంటే. చిన్నప్పటి నుంచి మంచి పిల్లవాడని మాత్రమే చెప్పగలిగితే వద్దు. అలాగే బంధువు ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా వద్దు.

"నువ్వే రాసుకు రా, సంతకం పెడతా"

మన దగ్గర ఈ మాట వినని విద్యార్థి లేడు. సార్లు దీన్ని తప్పనుకోరు, సాయం చేస్తున్నామనే అనుకుంటారు. కానీ స్టాన్‌ఫోర్డ్ ఇలాంటివి అభ్యర్థి తన లేఖ తాను రాసుకోవడం, అడిగితే రాసివ్వడం కూడా తప్పేనని స్పష్టంగా చెబుతున్నాయి. రెండు లేఖలూ మీ వ్యాసమూ ఒకే గొంతుతో ఉంటే చదివేవాళ్లు పట్టేస్తారు. నియమం సంగతి పక్కనపెట్టినా మనకు నష్టమే. మన పిల్లలు తమ గురించి తాము రాసుకునేటప్పుడు తగ్గించి రాస్తారు. ఆ అణకువ మనకు చిన్నప్పుడే నేర్పించారు.

బదులుగా ఒక పేజీ జ్ఞాపకాల కాగితం ఇవ్వండి. "సార్, 2023 జూన్‌లో సర్వర్ ఆగిపోయిన రాత్రి మీరు నాకు అప్పగించిన పని, నేను చేసింది, అయిన ఫలితం" అనే పద్ధతిలో నాలుగైదు సంఘటనలు, తేదీలతో. మీకు ఆయన చెప్పిన ఒక విమర్శ, ఆ తర్వాత మీరు మార్చుకున్నది కూడా రాయండి. ఏ విశేషణమూ వాడొద్దు. వాక్యాలు ఆయనవి కావాలి, వాస్తవాలు మీరు గుర్తుచేయాలి. తేడా అంతే.

సమయం విషయంలో మా అనుభవం ఒకటి. పీహెచ్‌డీ దరఖాస్తుకు మేము రెండు వారాల ముందు అడిగాం. లేఖ గడువు దాటాక వచ్చింది, ఆ ఏడాది పోయింది. తప్పు మాదే. కనీసం రెండు నెలల ముందు అడగండి. హార్వర్డ్ మొదటి విడత గడువు సెప్టెంబరు మొదట్లో, రెండో విడత జనవరి మొదట్లో వస్తుంది. లేఖ కూడా అదే గడువులోపు చేరాలి. లింకు రికమెండర్ మెయిల్‌కు నేరుగా వెళ్తుంది, చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. ఫోన్ చేసి చూడమనండి. ఆఫీసు మెయిల్ ఉంటే అదే ఇవ్వండి. గురుకులం సారుకో సంఘం అక్కకో జీమెయిల్ తప్ప వేరేది లేకపోతే భయపడొద్దు, వాళ్ల ఫోన్ నంబరు, హోదా సరిగా నింపండి. అమెరికా స్కూళ్లు లేఖను చూసే హక్కు వదులుకుంటారా అని అడుగుతాయి. వదులుకున్నామనే పెట్టండి, లేకపోతే ఆ లేఖను నమ్మరు.

లేఖ రాసే అన్నలకు, అక్కలకు

ఇప్పుడు కార్యకర్తల వైపు తిరగాలి. మీ దగ్గరికి లేఖ కోసం వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు పెరుగుతారు. మన దగ్గర రాసే లేఖల్లో మాకు కనిపించిన పెద్ద లోపం జాలి. కూలి కుటుంబం, మట్టి ఇల్లు, ఎన్నో కష్టాలు అని మొదలుపెట్టి, వినయశీలి, కష్టజీవి, క్రమశిక్షణ గలవాడు అని ముగిస్తాం. మన ఉద్దేశం మంచిదే. కానీ అక్కడ కూర్చుని వందల లేఖలు చదివే మనిషికి ఇందులో తెలివి గురించి గానీ నిర్ణయశక్తి గురించి గానీ ఒక్క ముక్క దొరకదు. చెప్పిన పని చేసే మనిషిలా కనిపిస్తాడు. పక్క లేఖలో ఇంకొకరి మేనేజరు, మా వ్యాపారం దిశ మార్చినవాడు అని రాసివుంటాడు. పేదరికం గురించి అభ్యర్థి తన వ్యాసంలో తానే చెప్పుకుంటాడు, ఎంత చెప్పాలో కూడా తానే నిర్ణయించుకుంటాడు. మీరు చూసినది మీరు చెప్పండి. కలెక్టరేట్ దగ్గర ధర్నా రోజు అందరూ అరుస్తుంటే భూమి రికార్డు నంబర్లతో సహా తహసీల్దారుకు చూపించి లిఖితపూర్వక హామీ రాబట్టింది ఆ అమ్మాయే అయితే, ఆ ఒక్క సంఘటన అరపేజీ రాయండి. పొగడ్తలు ఇంకేమీ అక్కర్లేదు.

లోపం గురించి అడిగితే లోపమే రాయండి. "ఎక్కువ కష్టపడతాడు, అదే లోపం" అని రాస్తే చదివేవాళ్లు నవ్వుకుంటారు. ఇంగ్లీషు రాదని వెనకాడొద్దు. తెలుగులో ఆలోచించి చెబితే, అభ్యర్థికి సంబంధం లేని మనిషి చేత తర్జుమా చేయించవచ్చు. ఆ స్కూలు దీనికి ఏ పద్ధతి పెట్టిందో మాత్రం ముందే కనుక్కోవాలి.

కులం ప్రస్తావన దగ్గర జాగ్రత్త. అభ్యర్థి అనుమతి లేకుండా లేఖలో కులం రాయకండి. చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ల ఇష్టం. అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కుల వివక్షను నిషేధాల్లో చేర్చాయి. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో చట్టం చేసింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లునే వెనక్కి పంపారు. అంటే అక్కడ కులం గురించి తెలుసు, కానీ అందరికీ తెలియదు, తెలిసినవాళ్లందరూ మన పక్షమూ కాదు. ఇంటర్వ్యూ చేసే పూర్వవిద్యార్థి మన దేశం మనిషే కావచ్చు. బయటపెట్టి గర్వంగా నిలబడినవాళ్లూ మాకు తెలుసు, సీటు చేతికొచ్చేదాకా ఆగినవాళ్లూ తెలుసు. ఇద్దరినీ తప్పుపట్టం.

డబ్బు

దీని గురించి విడిగా రాయాలి, ఇక్కడ క్లుప్తంగా. పెద్ద ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు పాతిక లక్షల చుట్టూ ఉంది. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం నడిపే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌లో ఐఐఎంలు ఉన్నాయి, కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. విదేశాలకైతే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. దేశం మొత్తానికి ఏడాదికి 125, అందులో ఎస్సీలకు 115. వయసు 35 లోపు, ఆదాయం 8 లక్షల లోపు, క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీలో సీటు కావాలి. 2022లో భారతీయ సమాజం, చరిత్ర, సంస్కృతి మీద చదువులను ఈ పథకం నుంచి తీసేశారు. మేనేజ్‌మెంట్ చదివేవాళ్లకు ఆ దెబ్బ తగల్లేదు గానీ వేరే దెబ్బ తగిలింది. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే ఉత్తరాలిచ్చి, మిగిలిన 66 మందిని నిధులుంటే చూస్తామన్నారు. కాబట్టి సీటు ఖాయం చేసుకునే ముందు స్కూలు ఇచ్చే సొంత స్కాలర్‌షిప్ గురించి కూడా రాసి అడగండి. హార్వర్డ్, స్టాన్‌ఫోర్డ్ వంటివి అవసరమున్నవాళ్లకు దరఖాస్తు ఫీజు కూడా మినహాయిస్తాయి, ముందుగా అడిగితే. జీమ్యాట్, జీఆర్ఈ స్కోర్లు ఐదేళ్లు చెల్లుతాయి కాబట్టి ఒక ఏడాది డబ్బు కుదరకపోయినా పరీక్ష వృథా కాదు.

లేఖ రాసినవాళ్లకు ఫలితం చెప్పడం మర్చిపోకండి. సీటు వచ్చినా రాకపోయినా ఫోన్ చేయండి. వచ్చే ఏడాది మన వాడ నుంచి ఇంకొకరు అదే సార్ దగ్గరికి, అదే అక్క దగ్గరికి వెళ్తారు.